యమున మొదటి మాత్ర కోసం వేలూరు దాకా

శనివారం ఉదయం ఆరింటికి చిత్తూరులో నేను కాఫీ కలుపుకుంటుంటే మా చెల్లెలి కూతురు తమిళనాడులోని గుడియాత్తం నుంచి ఫోన్ చేసింది. పదిహేడేళ్ళ పిల్ల, నర్సింగ్ మొదటి ఏడాది చదువుతోంది. తను సరేనంది కాబట్టే ఇది రాస్తున్నాను. యమున అన్నది మార్చిన పేరు. "పెద్దమ్మా, నిన్న పొద్దున వేలూరు ఆసుపత్రి వార్డులో రోగికి వాడిన సూది నా వేలికి గుచ్చుకునింది. ఆయనకు హెచ్‌ఐవీ ఉండాదంట. మూడు దినాల లోపల మాత్రలు మొదలుపెట్టాల, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదంట. నాకు పద్దెనిమిది నిండలేదని నాయన సంతకం అడిగితే, పెట్టకుండా నన్ను ఇంటికి పిలుచుకొచ్చేసినాడు" అంది, గొంతు బాగా తగ్గించి. స్టవ్ ఆపేసి బయలుదేరాను.

ఆరూ నలభైకి బస్సు దొరికింది. పరదరామి మీదుగా గంటా పావు ప్రయాణం, టికెట్ యాభై లోపే. దారి పొడవునా మామిడితోటలు బాగుంటాయి. ఆ రోజు మాత్రం నేను గడియారమే చూస్తూ కూర్చున్నాను.

యమున నాన్న ధనపాల్ లుంగీలు నేస్తాడు. నేను వెళ్ళేసరికి మగ్గం ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. "ఆ మందు ఇంట్లో ఉంటే వీధిలో ఏమనుకుంటారు వదినా? పిల్ల ఏదో తప్పు చేసిందనే కదా? ఒక వారం చూస్తాం. ఒంట్లో బాగలేకపోతే అప్పుడు పిలుచుకొనిపోతా" అన్నాడు. జబ్బు రాకుండా ఆపడానికే ఈ మందు, వారం దాటాక వేసుకున్నా లాభం లేదు అని చెప్పాను. మూల కూర్చుని నూలు చుడుతున్న ధనపాల్ వాళ్ళమ్మ అందుకుంది. "పోయినేడు నిన్ను కుక్క కరిస్తే సూదులేయించుకొంటివే, పిచ్చి పట్టేదాకా కాచుకొని ఉంటివా? బిడ్డకు మాత్రం వారం చూడాల్నా? లెయ్యప్పా, చొక్కా తొడుక్కో."

ధనపాల్ లేచాడు. మా చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ ఇడ్లీలు పొట్లం కట్టింది.

తొమ్మిదింటికి ముగ్గురం బస్సెక్కి, పళ్ళికొండ మీదుగా పదింపావుకు వేలూరు చేరాం. ఆసుపత్రి పేరు చెప్పగానే ఆటో ఆయన "ముందర గేటా, వెనక గేటా?" అనడిగాడు. యమునే చెప్పింది: "హెచ్‌ఐవీ మందు ఇచ్చే తావుకు పోవాల అన్నా." ఇక దిగిపొమ్మంటాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం ఆటో తిప్పుతూ, "అట్లయితే వెనక గేటమ్మా. ముందర దిగితే చానా దూరం నడవాల" అని, రోడ్డు తవ్వకాల గురించి విసుక్కోవడం మొదలుపెట్టాడు. ధనపాల్ ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు.

లోపల మాతో మాట్లాడిన కౌన్సెలర్ తెలుగామె. ముందు యమునను విడిగా కూర్చోబెట్టుకుని, మందు వేసుకోవడం తనకు ఇష్టమేనా అని అడిగింది. తరవాతే నాన్నను పిలిచింది. రక్తపరీక్ష, ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు, అన్నీ ఉచితమే. "బిడ్డ చదువు నిలపాల్నా అమ్మా?" అన్నాడు ధనపాల్. "ఎందుకప్పా? సోమవారం క్లాసుకు పోనీ" అందావిడ. అప్పుడతను ఏడ్చాడు. తమిళంలో సంతకం పెట్టి, కూతురికి తనే నీళ్ళు పట్టుకొచ్చాడు. పదకొండున్నరకు మొదటి మాత్ర వేసుకుంది.

మొదటి వారం యమునకు వికారంగా ఉండేది. పక్కింటివాళ్ళు అడిగితే ధనపాల్ "సూది గుచ్చుకునింది, మందు వేస్తా ఉండాం" అనేశాడట. ఆఖరి పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది. యమున ఇప్పుడు రెండో ఏడాది.

ఆ అవ్వకూ, ఆటో ఆయనకూ, ఆసుపత్రిలో ఆవిడకూ నేను రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువగా, భయపడుతూనే చొక్కా తొడుక్కున్న ధనపాల్‌కు. మందు ఆసుపత్రిలో సిద్ధంగానే ఉంది, ఇంట్లో ఒప్పుకోక యమునకు ఒక రోజంతా అందలేదు. రహస్యంగా ఫోన్ చేయడానికి ఒక పెద్దమ్మ కూడా లేని పిల్లలు గుర్తొస్తే ఇప్పటికీ గుబులుగా ఉంటుంది.

ఇలా వెళ్ళాల్సి వస్తే: గుచ్చుకున్నచోట సబ్బుతో, నీళ్ళతో కడగండి, పిండకండి. వెంటనే బయలుదేరండి. పద్దెనిమిది నిండని పిల్లలైతే అమ్మో నాన్నో గుర్తింపు కార్డు తీసుకుని వెంట వెళ్ళాలి.