పేరు పిలిస్తేనే బంతి

మా డ్రిల్లు సారు పోయారు. ఆటల పోటీల రోజు పొద్దున్నే ఆయనకు చాయ్ ఇవ్వబోయిన వంటామె గ్లాసుతోనే తిరిగొచ్చి, "సారు లేస్తలేడమ్మా" అంది. ముందురోజు సాయంత్రం ఆయన వంగి వంగి పోసిన సున్నపు గీత వాకిట్లో అలాగే ఉంది.

లక్సెట్టిపేట దగ్గరి ఈ వృద్ధాశ్రమానికి మేమిద్దరం ఇంచుమించు ఒకేసారి వచ్చాం. నేను భర్త పోయాక వచ్చాను. ఆయన సర్కారు బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పి, రిటైరై, పెళ్లీ పిల్లలూ లేక వచ్చారు. ఇక్కడ పొద్దు పోదు. గేటు చప్పుడైతే అందరం తలెత్తి చూస్తాం, పాలవాడని తెలిసి దించుకుంటాం.

"ఇట్ల గేటు దిక్కే చూసుకుంట కూసుంటే మెడలు పట్టుకుంటయి. ఆటలు పెట్టుకుందాం" అన్నారు ఒకరోజు.

నాకు నవ్వొచ్చింది. "మోకాళ్లే లేస్తలేవు, ఆటలేంది సారూ?" అన్నాను.

"కుర్చీల కూసుండే ఆడుదువు తియ్" అన్నారు.

పాత చీరలు చించి గుడ్డ బంతులు కుట్టించారు. ఒక్కొక్కరి దగ్గరికొచ్చి ఏ చెయ్యి లేస్తుంది, ఏ కన్ను ఆనుతుంది అని అడిగి, దాన్నిబట్టి బంతి వేయాల్సిన గంప ఎంత దూరంలో పెట్టాలో చూసుకున్నారు. కదల్లేని వాళ్లకు గంప ఒడి ముందుకే వచ్చేది. బడిలో "సావధాన్" అని గద్దించిన గొంతు మా దగ్గర "విశ్రామ్" తప్ప అనేది కాదు. "మీ సావధాన్ ఒడిసింది. ఇగ అంత విశ్రామే" అనేవారు.

మొదటి ఏడు మా వాళ్లందరికీ కబురు పంపి, చూడవచ్చేవాళ్ల కోసం వరుసగా కుర్చీలు వేశాం. ఎవరూ రాలేదు. ఎండ కుర్చీల మీదికి వచ్చింది, అయినా ఎవరమూ ఆట మొదలుపెట్టమనలేదు. సారు మాలో సగం మందిని లేపి ఆ కుర్చీల్లో కూర్చోబెట్టారు.

"గీళ్లు మనోళ్లు గాదా? ఒకలు ఆడితె ఒకలు పిలవాలె. పేరు పిలిస్తేనే బంతి ఇసరాలె" అన్నారు. పేరంటే కాగితాల్లో పేరు కాదు, చిన్నప్పుడు కన్నతల్లి పిలిచిన పేరు.

అదే మా ఆచారమైంది. ఇక్కడ అందరం తాతలం, ముసలమ్మలం. పేర్లు ఎప్పుడో పోయాయి. పక్కగది లావుపాటి తాత వాళ్లమ్మకు "బక్కోడు" అని తెలిసి ఎంత నవ్వామో! మా అవ్వ నన్ను "పిట్టా" అనేది. సారు నా ఎదురుగా కూర్చుని, "పిట్టా! ఎయ్యి!" అని అరిచారు. ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. బంతి గంపలో పడిందో లేదో నాకు కనిపించలేదు, కళ్లు నిండిపోయాయి.

ఆయన మాత్రం ఆడేవారు కాదు. విజిల్ ఊదడం, బంతులు ఏరడం, అంతే. కిందటేడు అందరి వంతూ అయ్యాక, బంతి పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

"నన్ను గూడ జర పిలువరాదు" అన్నారు నాతో.

"ఏమని పిలువాలె సారూ?"

"మా అవ్వ పెద్దోడా అనేది."

అంతటి మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. గొణిగాను.

"ఇనవడ్తలే. ఇంక జర గట్టిగ."

వేళాకోళమాడుతున్నారేమో అనుకున్నాను. మొహంలో నవ్వు లేదు. "పెద్దోడా!" అని అరిచాను. అప్పుడు విసిరారు. బంతి గంప దాటి ఎక్కడో పడింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

ఈ పొద్దున ఆయన లేవలేదని తెలిశాక ఎస్టీడీ బూత్ నుంచి ఆయన తమ్ముడి కొడుక్కు ఫోన్ చేయించాం. మధ్యాహ్నానికి కరీంనగర్ నుంచి జీపు వచ్చింది. మంచి పిల్లవాడే, అందరికీ దండం పెట్టాడు. "పెద్దబాపుకు ఈడ దగ్గరోళ్లు ఎవలన్న ఉండెనా?" అని అడిగాడు. చేతనైనవాళ్లు తలా ఒక చెయ్యి వేసి సారును జీపులో పడుకోబెట్టారు.

జీపు కదిలింది. నేను గోడ పట్టుకుని లేచి, ఉన్న గొంతంతా పెట్టి "పెద్దోడా!" అని పిలిచాను. బక్కోడూ పిలిచాడు. తర్వాత అందరూ పిలిచారు. చక్రాలు సున్నపు గీతను తొక్కుకుంటూ గేటు దాటాయి. రోడ్డు మీద కొంతదూరం తెల్లటి అచ్చులు పడ్డాయి. తర్వాత పడలేదు.