తవుడు బిళ్లకి లారీ ఎక్కిన పండు

మా చిన్నప్పుడు ఇవేవీ లేవంటే మా అమ్మాయి నమ్మదు కదండీ... కుక్కపిల్లకి కూర్చోవడం నేర్పడానికి గుమ్మడికాయ బిస్కెట్లట, చికెన్ బిస్కెట్లట. పాకెట్ మీద ఓ కుక్క బొమ్మ... నాకన్నా ఆరోగ్యంగా ఉంది. సరే, మళ్లీ ఆ గొడవ ఎందుకు.

మా రోజుల్లో తవుడు బిళ్లలే. తవుడు, కాస్త బెల్లం, గుప్పెడు రొయ్యపొట్టు... గంజితో కలిపి, చిన్న చిన్న బిళ్లలుగా తట్టి, రేకు మూత మీద పేర్చి, పాలు కాగే దాలిలో పిడకల నిప్పు మీద పెట్టేవాణ్ణి. పక్కనే పాలకుండ. మా మామ్మకి ఒళ్లు మండిపోయేది.

"ఒరేయ్, పాలన్నీ నీచుకంపు కొడుతున్నాయి. ఈ కాఫీ నీ కుక్క తాగుద్దా?"

"తాగుద్దేమో మామ్మా, అడిగి చెప్తానుండు."

కుక్క పేరు పండు. గోధుమరంగు ఒళ్లు... తోక చివర మాత్రం సున్నంలో ముంచినట్టు తెల్లగా ఉండేది. నేనప్పుడు ఆరో తరగతి.

నాన్న ప్రతి ఆదివారం అరటిగెలలు ఎడ్లబండి మీద రావులపాలెం మార్కెట్‌కి తోలేవారు. బడి లేదు కనక నేనూ ఎక్కేవాణ్ణి. పండు వెనకే పరుగెత్తుకొచ్చేది. తారురోడ్డు మీదకి వచ్చేసరికి పాపం కాళ్లు కాలి కుయ్యోమనేది. అందుకని బండెక్కడం నేర్పాలనుకున్నాను.

బండికి ఓ చెక్క ఏటవాలుగా ఆనించి, పైనుంచి బిళ్ల చూపించి "ఎక్కు" అనేవాణ్ణి. ఎక్కితే బిళ్ల, ఎక్కకపోతే లేదు. పక్షం రోజుల్లో వచ్చేసింది. నాకు భాగహారం రావడానికి రెండేళ్లు పట్టింది...

దిగడం మాత్రం నేర్పలేదు. పైకెక్కి, కదలకుండా కూర్చుని, రెండో బిళ్ల కోసం నా చేతివంకే చూసేది. నేనే ఎత్తుకుని దింపేవాణ్ణి. అలా ఎత్తుకోవడం నాకూ బాగుండేది... నేర్పాలనే ఆలోచనే రాలేదు.

మార్కెట్‌లో లారీలకి కూడా చెక్కలే. జట్టువాళ్లు గెలలు భుజాన వేసుకుని ఆ చెక్క మీదుగా లోపలికి మోసేవాళ్లు. వాళ్ల మేస్త్రి సత్తిబాబు మా పండుని చూస్తే చాలు, నా బిళ్లల డబ్బాలోంచి ఒకటి తీసి పైకి పట్టుకునేవాడు.

"ఆయ్, పండుగారండీ... దయచేయండి!"

పండుగారు దయచేసేవారు. ఎవరి చేతిలో బిళ్ల ఉంటే వాళ్ల మాట వినేది. నాకు ఒకటే గర్వం... అడిగినవాళ్లందరికీ బిళ్లలు పంచేవాణ్ణి.

ఓ వేసవి ఆదివారం ఒరిస్సాలోని కటకం వెళ్లే లారీకి లోడు పూర్తయింది. పైన ఎండాకులు పరిచేశారు. డ్రైవరు కొత్తవాడు.

"ఏంటి బాబూ, కుక్కని కూడా లోడు చేస్తారా?"

"మా పండుగారి పని మీరు చూడలేదండి. చూపించండి చిన్నబాబుగారూ," అన్నాడు సత్తిబాబు.

బిళ్ల ఆకుల మీదకి విసిరి "ఎక్కు" అన్నాను. ఎక్కింది. అందరూ చప్పట్లు. "ఇంకొక్కసారి" అన్నాడు డ్రైవరు. డబ్బాలో చూస్తే బిళ్లలైపోయాయి. పండుని పైనే వదిలి, మార్కెట్ ఆ చివరనున్న మా బండిలోంచి ఇంకొన్ని తెచ్చేద్దామని పరుగెత్తాను.

అక్కడ నాన్న... "ఒరేయ్, ఈ ఎద్దు పలుపు పట్టుకో, ఇప్పుడే వస్తా."

నాన్న 'ఇప్పుడే' అంటే ఒక టీ, ఒక చుట్ట, ఇద్దరు బంధువులు.

బిళ్లలు పట్టుకుని తిరిగొచ్చేసరికి లారీ ఉన్నచోట నాలుగు ఎండాకులున్నాయి.

"అదేంటండీ, అది దిగి మీ వెనకే వచ్చేసిందనుకున్నాను," అన్నాడు సత్తిబాబు. మొహం తెల్లబోయింది పాపం. అతన్నేమనాలి... కుక్కన్నాక అదే దిగుతుందనుకుంటారు ఎవరైనా.

హైవే మీద చాలా దూరం పరుగెత్తాను. లారీతో పోటీ... అది కూడా అరగంట ఆలస్యంగా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం డబ్బా నింపుకుని వెళ్లి, వచ్చిన ప్రతి లారీ వెనకా నిలబడేవాణ్ణి. నాలుగో ఆదివారం ఆ డ్రైవరు వచ్చాడు.

"మా లారీలోనే ఉందండి బాబూ... తుని దాటాక టీకి ఆగితే ఆకుల్లోంచి తల పైకెత్తి చూసింది. ఎంత పిలిచినా దిగదే! కటకంలో గెలలన్నీ దింపేశాం, ఖాళీ లారీలో అలాగే కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు తెచ్చేద్దాం, అందాకా కాస్త నీళ్లు తాగుతుందని ఎత్తి కింద పెట్టి, మొహం కడుక్కోడానికెళ్లాను. ఈలోగా పక్క లారీవాళ్లు రొట్టెముక్క చూపించారు. చెక్క ఎక్కేసిందండి..."

"ఆ లారీ ఎక్కడికండీ?"

"అది అడగలేదు బాబూ. బయలుదేరిపోయింది." నా భుజం తట్టి, "భలే నేర్పారండి" అన్నాడు. మెచ్చుకున్నాడు.

అప్పుడర్థమైంది... అది ఇక రాదు. ఏ లారీవాడు ఏ ముక్క చూపించినా ఆ లారీ ఎక్కుతుంది. అక్కణ్ణుంచి ఇంకోటి. నేను నేర్పింది అంత బాగా వచ్చేసింది దానికి.

ఆ వేసవంతా బిళ్లలు కాలుస్తూనే ఉన్నాను. మామ్మ ఆ నీచుకంపు పాలతోనే కాఫీ తాగేసేది.

ఇప్పటి కుక్కలకి మెడలో ఫోన్ నంబరు, చర్మం కింద చిప్పు... తప్పిపోవాలన్నా కష్టమే. మంచిదేలెండి. మీరు మీ కుక్కకి ఏం నేర్పారో కింద కామెంట్లలో రాయండి. నేర్పకుండా వదిలేసింది ఏదైనా ఉంటే... అదీ రాయండి.

కుక్కలు ఇన్నేళ్లు బతకవని నాకు తెలియక కాదండీ. అయినా ఇప్పటికీ రోడ్డు పక్కన గెలల లారీ ఆగి కనిపిస్తే, కారు ఆపి, లారీ వెనక్కి వెళ్లి, ఆకుల మీదకి ఓసారి తొంగి చూసి...

ఆఁ... మా అమ్మాయి పిలుస్తోంది. వస్తున్నానే, వస్తున్నా...