మా చిన్నాన్న చేతులు ఎందుకు వణికాయంటే

పోయిన మంగళవారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, "మీ చిన్నాన్న లేడమ్మా" అంది. నేను భిలాయి-3లో వాళ్ళింటికి చేరేసరికి గుమ్మం ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. ప్రార్థనలో సంఘ పెద్ద లేచి, మన సహోదరుడికి ఒక బలహీనత ఉండేదనీ, అయినా దేవుడు క్షమించేవాడనీ చెప్పాడు. ఏ బలహీనతో అక్కడ అందరికీ తెలుసు. నలుగురైదుగురు తలలూపారు. పిన్ని తల ఎత్తలేదు.

ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను. మా చిన్నాన్న జీవితంలో ఒక్క చుక్క మందు తాగలేదు.

మా నాన్న భిలాయి స్టీల్ ప్లాంటు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కొన్నేళ్ళకి తమ్ముణ్ణి కూడా రప్పించాడు. నాన్నకి ప్లాంటులో నౌకరీ, సెక్టర్ 2లో క్వార్టరు ఉండేవి. చిన్నాన్నకి అదృష్టం అంతవరకు రాలేదు. ఊరి చివర ఒక ప్రైవేటు షెడ్డులో చేరాడు. దాని పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. ఒత్తిడి కొలిచే గాజు గొట్టాలు, పాత థర్మామీటర్లు అక్కడికి బాగుకి వచ్చేవి. వాటిలో నల్లబడిన పాదరసాన్ని చిన్నాన్న తోలుగుడ్డలో వడకట్టి, ఇనప గిన్నెలో పొయ్యి మీద మరగబెట్టి శుభ్రం చేసేవాడు. గాలికి మంట ఆరిపోతుందని షెడ్డు యజమాని సేఠ్ కిటికీలు తెరవనిచ్చేవాడు కాదు. సెలవురోజుల్లో నేను క్యారియర్ పట్టుకెళితే ఒక పాదరసం పూస నా అరచేతిలో వేసి, "చూడు పాపా, తడపదు, అంటదు" అని మురిసిపోయేవాడు. అది విషమని ఇద్దరికీ తెలీదు.

ఆయనకొక అలవాటుండేది. ఏదైనా కొలవనిదే మాట్లాడేవాడు కాదు. ఎండలు మండిపోతున్నాయని ఎవరన్నా అంటే ముందు గోడమీది థర్మామీటరు చూసి, అప్పుడు ఔనో కాదో అనేవాడు. మాకు ఒళ్ళు వెచ్చబడితే నుదుటి మీద చెయ్యి వేసి ఊరుకునేవాడు కాదు. "కొలిచి చెప్పాల" అనేవాడు. నేను కెమిస్ట్రీ చదవడానికి కారణం కాలేజీలో ఎవరూ కాదు, ఆయనే.

నేను డిగ్రీలో ఉండగా వణుకు మొదలైంది. ముందు సంతకం మారింది. పోస్టాఫీసులో పాత సంతకంతో కలవలేదని తిప్పి పంపారు. తర్వాత టీ గ్లాసు సగమే నింపమనేవాడు. చిగుళ్ళు వాచేవి. ఇంటికొచ్చిన వాళ్ళందరినీ నవ్వించిన మనిషి, ఎవరైనా తలుపు కొడితే వెనకగదిలోకి వెళ్ళిపోయేవాడు. చర్చిలో ఎన్నో ఏళ్ళుగా ప్రభు బల్ల దగ్గర ద్రాక్షారసం గిన్నెల పళ్ళెం అందించేది ఆయనే. ఒక ఆదివారం అది తెల్లగుడ్డ మీద ఒలికిపోయింది. ఆ వారమే సంఘ పెద్ద ఇంటికొచ్చి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమనీ, ఆ అలవాటు మానడానికి ప్రార్థన చేసుకోమనీ చెప్పాడు. డాక్టరు దగ్గరికెళితే ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నావని అడిగాడు. చిన్నాన్న తన పని గురించి చెప్పాడు. చీటీ మీద మాత్రం మద్యం అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ఇవన్నీ పాదరసం ఆవిరి పీలిస్తే వచ్చేవే, కానీ పాదరసం అని ఎక్కడా లేదు.

చదువయ్యాక నాకు ఉత్తర ధ్రువం దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో పని దొరికింది. అక్కడి గాలిలో పాదరసాన్ని కొలిచే మిషను చూసుకోవడం నా బాధ్యత. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు అంతా ఆయనకి చెప్పాను. ఎక్కడెక్కడో కాలిన బొగ్గు పొగలోంచి, షెడ్డుల్లోంచి లేచిన ఆవిరి నెలల తరబడి గాలిలో తిరిగి అక్కడిదాకా వస్తుందని. చలికాలం చీకటి పోయి సూర్యుడు తిరిగొచ్చాక, సముద్రపు మంచు ఉప్పులోంచి పుట్టే వాయువులు కలిసి, ఒక్కో రోజు గంటల వ్యవధిలోనే గాలిలో పాదరసం మాయమై మంచు మీద పడుతుందని. దాంట్లో కొంత నీళ్ళలోకి, చేపల్లోకి, సీల్ జంతువుల్లోకి, వాటిని తినే మనుషుల్లోకి చేరుతుందని.

ఆయన అంతా విన్నాడు. తర్వాత, "అయితే నాను మరగబెట్టింది కూడా అక్కడికి ఎల్లుంటాదేటి?" అని అడిగాడు.

వెళ్ళి ఉండొచ్చన్నాను.

"పాపం, ఆళ్ళకేటి తెలుసు" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఈ పాదరసం గురించి ఒక మనిషి బాధపడగా నేను చూసింది అప్పుడొక్కసారే. ఆ షెడ్డు పెట్టినవాడు బాధపడలేదు. చీటీ రాసిన డాక్టరు బాధపడలేదు. బాధపడింది మా చిన్నాన్న, అదీ తన గురించి కాదు.

ఆయనే మళ్ళీ, అక్కడ ఎంతసేపటికోసారి కొలుస్తారని అడిగాడు. పగలూ రాత్రీ ఆపకుండా కొలుస్తూనే ఉంటామన్నాను.

"మా షెడ్డులో ఒక్కపాలి కొలు పాపా. కాగితం మీద ఏసి ఇయ్యి. ఆ సంఘం పెద్దాయనికి చూపిస్తాను."

అప్పటికింకా ఆయన పని మానలేదు. మా ఆఫీసులో అడిగాను. మిషను ప్రాజెక్టుది, ఆ షెడ్డు ప్రాజెక్టులో లేదు అన్నారు. నేను ఇంకోసారి అడగలేదు. చేతిలో పట్టుకెళ్ళే చిన్న మీటరు వేరే చోట అరువు దొరుకుతుందని తెలిసీ, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. ఆయన ఒంట్లో పాదరసం ఎంతుందో పరీక్ష చేయించడమూ అలాగే వాయిదా వేశాను. ఇతరుల తప్పులు రాసినంత సులువుగా ఈ రెండు వాక్యాలు రాలేదు.

రెండేళ్ళకి మీటరు తెచ్చాను. అప్పటికి షెడ్డు మూతపడి, నేలంతా కొత్త సిమెంటు వేసి, పెళ్ళిళ్ళ డెకరేషన్ సామాను పెట్టే గోడౌన్ చేశారు. చిన్నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాతో వచ్చాడు. ప్లాస్టిక్ పూల మధ్య నిలబడి నేను మీటరు ఆన్ చేస్తే, అంకె బయట గాలిలో ఉన్నంతే చూపించింది. రక్తం, మూత్రం పరీక్షలకు పంపితే అవీ మామూలుగానే వచ్చాయి. పని మానేశాక ఒంట్లోంచి మెల్లగా పోతుంది, చేసిన చెరుపు మిగులుతుంది. అది నాకు తెలుసు. కాగితానికి తెలీదు.

"కొలత అదే చెప్తే అదే" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాత చర్చిలో చివరి బెంచీలో, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

ధ్రువం దగ్గర మనిషి అడుగు పడని మంచు మీది గాలిలో ఎంత పాదరసం ఉందో నా దగ్గర ఏళ్ళ తరబడి లెక్కలున్నాయి. మా చిన్నాన్న పీల్చిన గాలికి మాత్రం ఒక్క అంకె లేదు.

మూడోరోజు పిన్ని ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని తీసింది. డ్యూటీ చొక్కాలకి జేబులన్నీ కుట్టేసి ఉన్నాయి. ఎందుకని అడిగాను. జేబులో పడ్డ పాదరసం పూసలు ఇంటికొచ్చి మంచం కింద దొర్లుతుంటే, పెళ్ళైన కొత్త నుంచీ ప్రతి చొక్కాకీ తనే కుట్టేసేదట. జేబుల్లేని చొక్కా ఎవరు తొడుక్కుంటారని, గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, బ్లేడుతో ఒక్కో దారం తెంపింది. తెంపిన ప్రతి జేబునీ తిరగేసి, అరచేతిలో దులిపి చూసుకుంది.