చోళ్ల బస్తాల మీద నా క్రికెట్

కాఫీ బస్తా మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ గోనె వాసనకి పాత మ్యాచులన్నీ గుర్తొస్తున్నాయి. నవ్వకండి, టీవీ ముందు కాళ్లు కదపకుండా కూర్చుని వికెట్లు కాపాడినవాళ్లు మీలోనూ ఉన్నారు.

ఎనభైల్లో అరకులో మా వీధి మొత్తానికి మాదొక్కటే టీవీ. క్రికెట్ పిచ్చి మాత్రం అందరికంటే నాకే ఎక్కువ. ఒకరోజు జావకి చోళ్లు, అదే రాగులు, తెమ్మని అమ్మ బస్తాల గదిలోకి పంపింది. ఆ కాసేపట్లో మనవాళ్లు రెండు సిక్సులు కొట్టారు. నేను బయటికి రాగానే వికెట్ పడింది.

"ఓసి గుంటా, నీవల్లే పోయింది! బేగి లోపలికెల్లు," అన్నాడు చిన్నాన్న.

"మరి నేను సూడొద్దేటి?"

"నువ్వు సూత్తే ఓడిపోతాం. సూడాలా, గెలవాలా?"

గెలవాలన్నాను. ఇక ప్రతి మ్యాచ్‌కీ నా చోటు ఆ బస్తాల మీదే. అరుపును బట్టి ఫోరో సిక్సో పోల్చుకునేదాన్ని. ఒకసారి గెలిచిన సంబరంలో అందరూ వీధిలోకి పరిగెత్తారు, నన్ను పిలవడం మరిచారు. ఇంకో బంతి మిగిలుందేమోనని నేను కదల్లేదు. అమ్మ అన్నానికి పిలిచేదాకా దేశాన్ని కాపాడుతూనే ఉన్నాను.

ఇందాక మనవరాలు ఫోన్‌లో మ్యాచ్ చూస్తుంటే పక్కన కూర్చున్నాను. వెంటనే వికెట్ పడింది. అది నా వైపు అదోలా చూసింది.

"అమ్మమ్మా, కాసేపు లోపల కూర్చోవా?"

ఎమ్మెస్సీ చదివి పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, నాలుగు చీవాట్లు పెట్టాల్సింది. లేచి వచ్చి తలుపు నేనే వేసుకున్నాను. ఇప్పుడే బయట అది అరిచింది, ఫోరే. ఇక ఎలా లేస్తాను?