గిటార్ డబ్బా తీసేసిన రోజు

2018 జూన్‌లో ఆదిలాబాద్ వైపు ఒక చిన్న రేడియో స్టేషన్‌లో సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా బదిలీ మీద చేరాను. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆడిషన్ రోజున, శబ్దాన్ని పెంచి తగ్గించే కన్సోల్ నాది. పాడేవాళ్లు అద్దం అవతల ఉంటారు. పాటలు ఎంపిక చేసే కమిటీకి పేర్లు తెలియవు, నంబర్లే చెబుతాం. శబ్దం మోతాదు మించితే పగిలినట్టు వినిపిస్తుంది. అలా పగలకుండా చూడటం నా పని. ఆ విషయంలో నాది చాదస్తమని స్టాఫంతా నవ్వుకునేవారు.

ఆ వానాకాలంలోనే ఉట్నూర్ నుంచి ‘మొగులు’ అనే రాక్ బ్యాండ్ వచ్చింది. మొత్తం నలుగురు. పాటలు రాసి పాడేది సరళ, చర్చిలో గిటార్ నేర్చుకున్న నర్సు. ఫారం ఇస్తూ అంది: “మా బాపు దుబాయ్‌ల ఉంటడు సార్. పొద్దుగాల గీ స్టేషనే ఫోన్ల పెట్టుకుంటడు. నేను పాట కట్టిన్నని ఆయనకు ఎర్కలే. జర మంచిగ రికార్డ్ చెయ్యిండ్రి.”

చేస్తానన్నాను. తీరా మొదలుపెట్టగానే గిటార్ బరబరమంది. దాని వైరు సరళ కాళ్ల దగ్గరున్న చిన్న డబ్బా గుండా వస్తోంది. అది పాడైందనుకుని లోపలికి వెళ్లి, తీసేసి, గిటార్‌ను నేరుగా కన్సోల్‌కు కలిపాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్లీ మొదటి నుంచి వాయించారు. శబ్దం శుభ్రంగా వచ్చింది. కమిటీ ‘పస లేదు’ అని రాసి తిరస్కరించింది.

కొన్ని నెలలకు అదే పాట ఆన్‌లైన్‌లో విన్నాను. చొప్పదండిలో ఖాళీ గోదాములో వాళ్లే రికార్డు చేసి పెట్టారు. ఆ బరబరే పాటకు ప్రాణం. గల్ఫ్‌లో ఒక కార్మికుల క్యాంపులో విన్నవాళ్లు ఇంకో క్యాంపుకు పంపారు. కింద మస్కట్ నుంచి, దుబాయ్ నుంచి, జైనూర్ నుంచి బోలెడు కామెంట్లు: పేరు, ఊరు, ఇంకో పాట పెట్టమని. ఒకప్పుడు శ్రోతల కార్డులు మాకూ అలాగే వచ్చేవి. అవి ఆగిపోయి చాలా ఏళ్లయింది. చదువుతుంటే ఆ రోజుల మీద బెంగ పుట్టింది.

సరళకు ఫోన్ చేసి డబ్బా సంగతి అడిగాను.

“అది ఖరాబ్ కాలే సార్, గిటార్‌ను గట్ల బరబర అనిపిచ్చుడే దాని పని. పెద్దోళ్లు మీరు, ఎట్ల చెప్తం?”

బాపు విన్నాడా అన్నాను.

“రూముల దోస్తు వినిపిచ్చిండంట. గొంతు గుర్తువట్టిండు. మరి రేడియోల ఎందుకు రాలే బిడ్డా అన్నడు.”

“ఏం చెప్పావమ్మా?”

“ఇంకా వాళ్లకు పంపలే బాపూ అని చెప్పిన సార్.”

ఆ పాట మా స్టేషన్ నుంచి వెళ్లి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. చెడిపోయిందనుకున్న శబ్దాన్ని బాగుచేసే ముందు, వాయిస్తున్న మనిషిని అడగాలి. అడగడానికి నాకు అరనిమిషం పట్టేది.