ఎంతమంది ఎక్కుతారు?

ఊళ్లో పట్టుమని పది మోటారు కార్లు లేని రోజుల్లోనే అందరూ అతన్ని గాలి మేస్త్రీ అనేవారు. కారు షెడ్డు ముందు ఆగగానే టైరును అరచేత్తో చరిచి, ఆ చప్పుడుకు చెవి ఒగ్గి, ఆ తర్వాతే గేజీ తీసేవాడు. ఎంత బరువుకు ఎంత గాలి పట్టాలో రాసిన అట్ట గోడకు వేలాడుతున్నా అటు చూసేవాడు కాదు. అదంతా కంఠతా వచ్చు. "ఎంతమంది ఎక్కుతారు?" అని మాత్రం ప్రతివాళ్లనీ రెండేసి సార్లు అడిగేవాడు. ఒకే ఒక్కనాడు అడగడం మరిచాడు. ఒంటరిగా వచ్చిన డాక్టరుగారికి, కుదుపులు తెలియకుండా ఉంటుందని, ఒక్క మనిషికి సరిపడా మెత్తగా పట్టాడు. మలుపు అవతల ఇంటి దగ్గర భార్య, ముగ్గురు పిల్లలు ఎక్కారు. వంతెన మీద వెనక టైరు పేలింది. ఎవరూ మిగల్లేదు. ఎవరూ మేస్త్రీని పల్లెత్తు మాట అనలేదు.

ఒక ఉదయం ప్లీడరుగారు కొత్త కారులో వచ్చారు. "నేనొక్కణ్ణే మేస్త్రీ, మెత్తగా పట్టు." మేస్త్రీ తలూపి, వంగి, వెనక సీటులోకి చాలాసేపు చూశాడు. తర్వాత చెమటలు కారుతున్నా పంపు ఆపలేదు. "ఇదేంటయ్యా, రాయిలా చేశావ్! ఐదుగురికి పట్టావా?" అని ప్లీడరుగారు విసుక్కున్నారు. మేస్త్రీ వెనక తలుపు తీశాడు. "కాస్త లోపలికి జరగండమ్మా," అని, ఎవరి వేళ్లూ నలగకుండా మెల్లిగా వేశాడు.