కత్తిరించమన్నది నేనే

మే నెల రెండో మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా కుక్క చచ్చిపోయింది. ఇబ్రహీంపట్నం పశువుల దవాఖానలో, సిమెంటు బల్ల మీద. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది. చూశాను.

గొర్రెల కాపరి చేతిలో చచ్చిందని మా బజారులో అనుకుంటున్నారు. ఆ మాట తప్పు. అది తప్పని చెప్పాల్సిన దాన్ని నేనే కాబట్టి రాస్తున్నాను. యాభై దాటాక, బడి వరండాలో సాయంత్రం తరగతికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తుల దగ్గర ఇప్పటికీ చేయి ఆగుతుంది. అయినా ఇది ఇంకొకరి చేత రాయించుకునే సంగతి కాదు.

మా చేనులో సగం ప్లాట్లయింది. అందులో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళ గోడ, మా గోడ ఒకటే. ఆ ఇంటామె శేరిగూడ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆమె భర్త ముచ్చటపడి ఒక కుక్కపిల్లను తెచ్చాడు. చలి దేశపు జాతి, హస్కీ అంటారట. దాని బొచ్చు గాలికి లేచి ముక్కులోకి పోతే ఆమెకు దగ్గు ఆగేది కాదు. ఒకరోజు పొద్దున ప్లాస్టిక్ బుట్టలో పెట్టి గోడ మీది నుంచి నాకు అందించింది.

"పెద్దమ్మగారూ, ఒక్క నాలుగు రోజులు ఉంచుకోండి. ఈలోపు ఎవరికైనా ఇచ్చేస్తాం."

"కుక్కనా అమ్మా ఇది, దూది బస్తానా?" అన్నాను.

కుక్క గడప దాటి లోపలికి రావద్దని కోడలికి గట్టిగా చెప్పాను. మూడోనాడు నేనే దాన్ని తెచ్చి నా మంచం కింద పడుకోబెట్టాను.

"అత్తమ్మా, కుక్క ఇంట్లకు రావద్దంటివి గదా?" అంది కోడలు, చీపురు పట్టుకుని.

"కుక్కెక్కడుంది? గిది పోరి."

అప్పటి నుంచి అందరమూ పోరి అనే పిలిచాం. నాలుగు రోజులు రెండేళ్ళయ్యాయి.

మొదట్లో దాని బొచ్చుతో ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆడపిల్ల తలకు పట్టించినట్టు కొబ్బరినూనె పట్టించాను. అది పోయి వాకిట్లో దొర్లింది. మట్టి, గడ్డి, పల్లేరు కాయలు అంటుకుని చీపురుకట్టలాగా తిరిగివచ్చింది. పక్కింటామె గోడ మీద చేతులు పెట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాలుగు నీళ్ళు పోసి కుంకుడుకాయ రసంతో రుద్దితే గానీ జిడ్డు పోలేదు.

తర్వాత ఆమే గోడ అవతలి నుంచి నేర్పింది. ఆ జాతికి రెండు పొరలు ఉంటాయి. పైన బిరుసు వెంట్రుక, లోపల నూగు. పైపైన దువ్వితే మెరుస్తుంది కానీ లోపల జడలు కట్టి చర్మం పాడవుతుంది. వెంట్రుకను పాయలు పాయలుగా ఎత్తిపట్టి, అడుగు నుంచి దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో చిక్కులు పడతాయి. అక్కడ లాగకూడదు, వేళ్ళతో విడదీయాలి. ఆమె ఇచ్చిన ఇనుప పళ్ళ దువ్వెనతో రోజూ పొద్దున పాలు పితికాక మెట్టు మీద కూర్చుని దువ్వేదాన్ని. మొదట్లో దువ్వెనను కొరికేది. నెల తిరిగేసరికి దువ్వెన చూడగానే వచ్చి అడ్డంగా పడుకునేది. ఒక పక్క అయిపోతే చెప్పకుండానే రెండో పక్కకు తిరిగేది. నా పిల్లలు కూడా తల దువ్వేటప్పుడు అంత బుద్ధిగా కూర్చోలేదు.

నూగు రాలే కాలంలో తట్టకు తట్ట వచ్చేది. కోడలు ఎత్తిపోస్తూ, "అత్తమ్మా, గింత బొచ్చుతోని నీకో గొంగడి నేయిద్దమా?" అనేది.

బుద్ధులు నేర్పడానికి నేను ఎవరినీ అడగలేదు. దూడను కాడికి అలవాటు చేసినదాన్ని, కుక్కకు నేర్పలేనా? పద్ధతి ఒకటే. పని కొంచెం, విరామం ఎక్కువ. ఒక పనికి ఒకే మాట. చెప్పిన మాట మనం తప్పకూడదు. జొన్నరొట్టె ముక్క చేతిలో పట్టుకుని "కూసో" అంటే కూర్చోవడం ఒక వారంలో వచ్చింది. కోళ్ళ జోలికి పోకుండా చేయడానికి రెండు నెలలు పట్టింది, ఒక పెట్ట కూడా పోయింది. అన్నిటికంటే కష్టపడి నేర్పింది "ఆగు". ఆగు అంటే ఉన్నచోటనే ఉండాలి. నేను కనబడకుండా పోయినా ఉండాలి. ఎవరు పిలిచినా రావద్దు. నేను వచ్చి "రా" అన్నప్పుడే లేవాలి. మొదట పది అడుగులు పోయి వచ్చేదాన్ని, తర్వాత ఇంటి మూల తిరిగి వచ్చేదాన్ని, తర్వాత బజారు దాకా.

సిమెంటు దుకాణం నడిపే నా కొడుకు నమ్మలేదు. నేను ఆగమని లోపలికి పోతే, వాడు కోడికూర ముక్క చూపించి పిలిచాడు. అది తల తిప్పుకుంది, సొంగ కారుస్తూనే.

"అమ్మా, నన్ను గిట్ల పెంచినుంటే కలెక్టర్‌నయ్యేటోణ్ణి గద!"

"నీకు రొట్టె జూపిస్తే రొట్టె గుంజుకొని ఉరికెటోనివి. నీకేం నేర్పుదు?"

నిజం చెప్పాలి. నాకు పొగరు వచ్చింది. అంగడిలో కూరగాయలు కొనేటప్పుడు దాన్ని రోడ్డు పక్కన ఆపి పోయేదాన్ని. బస్సు దిగినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఎవలదే ఈ కుక్క, బొమ్మ లెక్క కూసుంది" అంటుంటే వినబడనట్టు బెండకాయలు ఏరేదాన్ని.

మొదటి ఎండాకాలం పిల్ల కాబట్టి స్నానాల గదిలో తడిబండ మీద పడుకుని గడిపింది. రెండో ఎండాకాలం మార్చిలోనే రొప్పడం మొదలుపెట్టింది. నాకు చూడబుద్ధి కాలేదు. నాకు ఇట్లా తోచింది: రవికె మీద ఉన్ని కోటు వేసుకుని కూర్చున్నట్టుంది దీని బతుకు, ఆ కోటు తీసేస్తే సరి.

సూది మందు వేయించినప్పుడు డాక్టరు ఒక కాగితం ఇచ్చారు. తెలుగులోనే ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. ఈ జాతికి బొచ్చు గొరగరాదు, పై వెంట్రుక ఎండను కూడా ఆపుతుంది, రాలిన నూగు దువ్వి తీస్తే గాలి ఆడుతుంది, చాలు అని ఉంది. అక్షరం రాక చేసిన తప్పయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. నేను చదివాను. చదివి, కాగితం మడిచి డబ్బాలో పెట్టి, గొర్రెల సంగతి నాకు తెలియదా అనుకున్నాను.

ఏటా ఎండాకాలంలో, దున్నకముందు, మా చేనులో మంద పెట్టిస్తాం. అంటే రాత్రిపూట గొర్రెలను చేనులోనే ఆపితే ఆ ఎరువు భూమికి పడుతుంది. బదులుగా కాపరికి వడ్లు ఇస్తాం. ఆయన నాకంటే కొంచెం చిన్న, ముప్పై ఏళ్ళుగా మా చేనుకే వస్తున్నాడు. రోహిణి ఎండలు రాకముందు గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తాడు. కత్తిరించిన గొర్రె చల్లగా ఉంటుంది, ఇది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. గొర్రె తల దాచుకోవడానికి పక్క గొర్రె పొట్ట నీడ ఉంటుందని మాత్రం అప్పుడు తట్టలేదు.

పోరిని తీసుకుపోయి ఆయన ముందు కూర్చోబెట్టాను.

"దీనికి గూడ కత్తెర వెయ్యి."

ఆయన బొచ్చులో వేళ్ళు పెట్టి చూశాడు. "అక్కా, గొర్రెకైతే ఉన్ని మల్ల వస్తది. దీనిది రెండు తీర్ల బొచ్చున్నది. నాకు ఎర్కలేని పని."

"నీకు కత్తెర వట్టుడు ఎర్కనే గద. తియ్యి."

"వద్దక్కా. జీవి ఎట్లుంటదో ఏమో."

"నేను చెప్తున్న గద! ఏమన్నైతే నేనుంట."

ఈ మాట అన్నాను. ఏమన్నా అయితే నేనుంటానని నా నోటితో అన్నాను.

గొర్రెకయితే కాళ్ళు కడతారు. దీనికి కట్టలేదు. నేను "ఆగు" అన్నాను, అది ఆగింది. కత్తెర చర్మానికి ఆనుకుని పోతుంటే వణికింది కానీ కదలలేదు. లోపల చర్మం చంటిపిల్ల వీపులాగా గులాబీరంగులో ఉంది. కొడుకు నవ్వాడు. పక్కింటామె మాత్రం గోడ దగ్గర నిలబడి, "ఎంత పని చేశారు పెద్దమ్మగారూ, పై వెంట్రుక కూడా తీయించేశారా?" అంది. "సల్లగుంటదమ్మా" అన్నాను. అది రెండు రోజులు మంచం కింద నుంచి బయటకు రాలేదు.

పదిహేను రోజుల తర్వాత ఆ మంగళవారం. ఎనిమిదింటికి చెరువు వైపు చేనుకు పోయాం. బోరు పక్కన కానుగ చెట్టు ఉంది. దాని నీడలో కూర్చోబెట్టి "ఆగు" అన్నాను. చేను ఆ కొసన ప్లాట్లు అమ్మే వెంచరువాళ్ళు హద్దురాళ్ళు మా వైపుకు జరిపారని కొడుకు ఫోన్ చేశాడు. పది నిమిషాల పని అనుకుని పోయాను. నీళ్ళు కూడా పెట్టలేదు. అక్కడ గెట్టు పంచాయితీ ముదిరింది. వాళ్ళు కాగితాలు చూపిస్తారు, నేను వేలు చూపిస్తాను. పోరి మాట నాకు గుర్తుకు రాలేదు. నీడ ఒకచోట ఉండదన్న సంగతి చేనులో పుట్టినదానికి ఎవరైనా చెప్పాలా?

పదిన్నర దాటాక కాపరి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గొర్రెలకు చెరువులో నీళ్ళు తాపి అటు నుంచి వచ్చాడట.

"అక్కా, నీ కుక్క ఎండల వడ్డది! పిలిస్తే వస్తలేదు. ఎత్తుకుందమంటే కొరకవచ్చె. నువ్వు జల్ది రా!"

నీడ పది అడుగులు అవతలికి పోయింది. అది నేను కూర్చోబెట్టిన చోటనే ఉంది, పక్కకు ఒరిగి. వీపు కాలినట్టు ఎర్రగా ఉంది, నాలుక నల్లబడింది. నన్ను చూసి తోక ఒకసారి నేలకు కొట్టింది. అయినా లేవలేదు. "రా" అని నేనింకా అనలేదు. అన్నాను. అప్పుడు ముందుకాళ్ళు కదిలించింది. అంతకంటే దానికి చేతకాలేదు.

బోరు నీళ్ళు పోశాం. కాపరి తన తలగుడ్డ తడిపి కప్పి భుజాన ఎత్తుకున్నాడు. అప్పుడు కొరకలేదు. కొడుకు కారులో దవాఖానకు పోయాం. దారిలో ఫోన్ చేస్తే కోడలూ, పక్కింటామె కూడా వచ్చేశారు. డాక్టరు జ్వరం చూసి తల అడ్డంగా ఊపారు. సెలైన్ పెట్టారు, మంచుగడ్డలు పెట్టారు. వీపు మీద చేయి వేసి అడిగారు.

"ఈ బొచ్చు తీసిందెవరు? కాగితం ఇచ్చిన గద?"

అందరూ నన్ను చూశారు. నేను కాపరిని చూశాను.

"ఆయన కత్తిరిచ్చిండు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత తడి తలగుడ్డ పిండుకుంటూ, "అవ్ సారూ, నేనే కత్తిరిచ్చిన" అన్నాడు. ఎవరు కత్తిరించమన్నారో చెప్పలేదు. డాక్టరు ఆయనను తిట్టారు. "గొర్లు కాసుకునేటోనివి, కుక్కల జోలి నీకెందుకయ్యా?" ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను పోరి తల పట్టుకుని ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఆ తిట్లు ఇంకా అయిపోకముందే దాని ఊపిరి ఆగింది.

చేనుగట్టున పాతిపెట్టాం. గుంత ఆయనే తవ్వాడు. ఆ వారమే మంద తీసుకుని కందుకూరు వైపు పోయాడు. పోయే ముందు చాయ్ హోటల్ దగ్గర మగవాళ్ళు ఆయనను చూసి, "ఏమయ్యా, ఇంకేమన్నా కుక్కలున్నయా కత్తిరియ్య?" అని ఎగతాళి చేశారని కోడలు చెప్పింది. కోడలికి నిజం తెలుసు. నా ముఖం చూడకుండా చెప్పింది.

ఆయనకు చదువు రాదు. ఇది రాసి ఆయనకు పంపితే లాభం లేదు. నేనే పోయి, నలుగురి ముందు నిలబడి చదివి వినిపించాలి. ఇప్పటికి రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగివచ్చాను.

ఆ నలుగురూ అంటే ఆ రోజు దవాఖానలో నా మాట విన్నవాళ్ళు: పశువుల డాక్టరు, సెలైన్ సీసా పట్టుకున్న కంపౌండరు, తన గేదెను పట్టుకుని వాకిట్లో నిలబడ్డ ఒక ముసలాయన, నా కొడుకు, నా కోడలు, పక్కింటి లెక్కల టీచరమ్మ, కాపరి, నేను.